దారికి మేం పడ్డ బాకీ

ఒకే చావుని రెండు భాషల్లో రాయడం మా వృత్తి. పగలు తెలుగు డెస్కులోనూ రాత్రి ఉర్దూ డెస్కులోనూ కూర్చున్న రోజులు మాకు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక షబే బరాత్ మర్నాడు ఓ కుర్రాడి వార్త మా చేతికొచ్చింది. మూసీ వంతెన దిగే చోట బండి డివైడరుకి కొట్టుకుని చనిపోయాడు. బండి మీద ముగ్గురున్నారు. ఎవరికీ హెల్మెట్ లేదు. నడిపినవాడికి పద్దెనిమిదేళ్ళు నిండలేదు కాబట్టి ఆ బండికి తగ్గ లైసెన్సు ఉండే వీలే లేదు.

తెలుగులో ఆ వార్త పాతబస్తీ యువకుల ఆగడాలు అనే శీర్షిక కింద వచ్చింది. ఉర్దూలో నౌజవాన్ జాఁబహఖ్ అని వచ్చింది. అంటే ప్రాణాన్ని దేవుడికి అప్పగించాడని. తెలుగు శీర్షికలో చచ్చిపోయినవాడు కనపడడు, వాడి బస్తీ కనపడుతుంది. ఉర్దూ శీర్షికలో బండి కనపడదు, దేవుడు కనపడతాడు. ఒకటి మా పుట్టుకని నేరం చేస్తుంది. ఇంకొకటి మా నేరాన్ని తలరాత చేస్తుంది. పదిహేడేళ్ళ పిల్లాడి చేతికి బండి తాళం ఎవరిచ్చారని రెండు వార్తలూ అడగలేదు. ఆ మలుపులో దీపం వెలుగుతోందా అనీ అడగలేదు. ఆ శీర్షికలు పెట్టింది మేం కాకపోవచ్చు. రెండూ చదవగలిగి ఊరుకున్నది మాత్రం మేమే.

అందుకే ఇప్పుడు రెండు వైపులా మాట్లాడదలిచాం. ముందు మావాళ్ళతో, తర్వాత మమ్మల్ని చూసి ముక్కు విరిచేవాళ్ళతో. 'మీ లోపాల్ని బయటపెట్టుకుంటే శత్రువు చేతికి కర్ర ఇచ్చినట్టు కాదా' అని మా మిత్రులే అడుగుతారు. ఆ కర్ర వాళ్ళ చేతిలో ఎప్పుడూ ఉంది. మేం నోరు మూసుకున్నందువల్ల ఒక్క దెబ్బ కూడా తగ్గలేదు. మా పిల్లల జనాజాలు మాత్రం పెరిగాయి.

నిజానికి రోడ్డు గురించి మాట్లాడే అర్హత ఈ దేశంలో ఎవరికైనా ఉందంటే అది ముందు మాకుండాలి. మేం రోడ్డు మీద బతికే జనం. హైదరాబాదు నగరమే ఒక నాలుగు దారుల కూడలి చుట్టూ పుట్టింది. 1591లో కట్టిన చార్మినార్ ఆ కూడలి మీదే ఉంది. ఇటు కోస్తా, రాయలసీమ ఊళ్ళలో రైలు దిగిన మనిషిని ఇంటికి చేర్చిన జట్కాబండి సాయిబు మావాడే. జట్కా పోయి రిక్షా వచ్చింది, రిక్షా పోయి ఆటో వచ్చింది. లారీ క్లీనరుగా మొదలుపెట్టి స్టీరింగు దాకా వచ్చినవాళ్ళు, ఇంజను విప్పి చెవితోనే రోగం కనిపెట్టే మెకానిక్కులు, సీటు కవర్లు కుట్టేవాళ్ళు, లారీల మీద పేర్లు రాసే పెయింటర్లు, హైవే పక్కన టైరుకి తెల్లసున్నం పూసి బోర్డుగా వేలాడదీసే పంక్చరు షాపువాళ్ళు. ఎన్ని ఊళ్ళు తిరిగినా ఈ పనుల్లో మా పేర్లు తగులుతూనే ఉంటాయి. దేశం మొత్తం మీద ముస్లిం మగ కార్మికుల్లో నూటికి పన్నెండు మందికి పైగా వీధి వ్యాపారం మీద బతుకుతున్నారని, దేశ సగటు ఎనిమిది లోపేనని 2006లో సచార్ కమిటీ లెక్క చెప్పింది. ఆఫీసుల్లోకి రానివ్వలేదు, కార్ఖానాల్లోకి రానివ్వలేదు. మిగిలింది రోడ్డే.

ఆ రోడ్డు మీది పని కూడా మాకు తిట్టయింది. 'పంక్చర్‌వాలా' అనే మాట ఇవాళ ఒక వృత్తి పేరు కాదు, మా జాతి మొత్తానికి వేసిన ఎగతాళి. 2025 ఏప్రిల్ 14న హిసార్ సభలో సాక్షాత్తూ దేశ ప్రధాని, వక్ఫ్ ఆస్తుల్ని సరిగ్గా వాడి ఉంటే ముస్లిం యువకులు సైకిల్ పంక్చర్లు వేసుకుని బతకాల్సి వచ్చేది కాదనే అర్థంలో మాట్లాడారు. వక్ఫ్ ఆస్తుల్ని తిన్నవాళ్ళ మీద మాకూ కోపముంది, అందులో మావాళ్ళ మీదా ఉంది. కానీ పంక్చర్ వేయడం సిగ్గుపడాల్సిన పని అని మేం ఒప్పుకోం.

ఎందుకు ఒప్పుకోమో మా దీన్ చెబుతుంది. ఈమాన్‌కి డెబ్బైకి పైగా శాఖలున్నాయని, అన్నిటికన్నా పైన ఉన్నది అల్లా ఒక్కడేనన్న మాటని, అన్నిటికన్నా కింద ఉన్నది దారిలోంచి హాని చేసేదాన్ని తీసివేయడమని ప్రవక్త (స) చెప్పినట్టు హదీసు. దారికి అడ్డంగా ఉన్న ముళ్ళకొమ్మని పక్కకి తీసి పడేసినందుకు ఒక మనిషిని అల్లా క్షమించాడని ఇంకో హదీసు. అతనెన్ని రకాత్‌లు చదివాడో, ఎంత జకాత్ ఇచ్చాడో అందులో లేదు. ముల్లు తీశాడు, అంతే. అలాంటప్పుడు టైరులోంచి మేకు పీకి, చేతిలో పట్టుకుని చూసి, మళ్ళీ రోడ్డు మీద పడకుండా డబ్బాలో వేసే మనిషి చేసేది తక్కువ పనా? తౌహీద్ పై మెట్టయితే ఈ పని కింది మెట్టు. కింది మెట్టు లేని నిచ్చెన ఎక్కడైనా ఉందా?

మావాళ్ళని అడగాల్సిన ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. పై మెట్టు కోసం ప్రాణం ఇస్తామనేవాళ్ళం, కింది మెట్టుని ఎందుకు వదిలేశాం?

చబూత్రా సంగతే తీసుకుందాం. పాతబస్తీ గల్లీల్లో ఇంటి ముందు అరుగు మా సగం జీవితం. ఇరుకిళ్ళు, ఒక గదిలో ఆరుగురు. మగపిల్లలు రాత్రి పొద్దుపోయేదాకా బయట కూర్చోక ఏం చేస్తారు? ఈ సంగతి మదీనాలోనూ ఉంది. దారుల్లో కూర్చోవద్దని ప్రవక్త (స) అంటే, మాకు కూర్చుని మాట్లాడుకోవడానికి వేరే చోటు లేదని సహాబాలు మొర పెట్టుకున్నారు. ఆయన వాళ్ళని తరిమేయలేదు. కూర్చోక తప్పదంటే దారికి దాని హక్కు ఇవ్వండి అన్నారు. ఏమిటా హక్కు అని అడిగితే లెక్కపెట్టి చెప్పారు. చూపు దించుకోవడం, ఎవరికీ హాని చేయకపోవడం, సలాంకి జవాబివ్వడం, మంచి చెప్పడం, చెడు ఆపడం. బుఖారీలోనూ ముస్లింలోనూ ఉన్న హదీసు ఇది.

దారికి హక్కుంది! నడిచేవాడికి, నడిపేవాడికి మాత్రమే కాదు, దారికే హక్కుంది. మన పిల్లలకి ఈ హదీసు ఎవరైనా చెప్పారా? చబూత్రా మీద కూర్చుని కాలేజీకి పోయే ఆడపిల్ల నడకని కామెంట్ చేసేవాడు, తాను దారికి బాకీ పడ్డానని ఎప్పుడైనా అనుకున్నాడా? ఆ హక్కుల్లో మొదటిది చూపు దించుకోవడం. పరదా గురించి గంటలు గంటలు మాట్లాడే మన వక్తలు, మగవాడి కంటికి వేసిన ఈ పరదా గురించి ఎన్ని నిమిషాలు మాట్లాడారు?

సలాంకి కూడా ఒక ట్రాఫిక్ వరస ఉంది. బండి మీద ఉన్నవాడు నడిచేవాడికి ముందు సలాం చెప్పాలి. నడిచేవాడు కూర్చున్నవాడికి చెప్పాలి. కొద్దిమంది ఎక్కువమందికి చెప్పాలి. అంటే కింద ఉన్నవాడు పైవాడికి వంగే లోకాన్ని ఈ హదీసు తిరగేసింది. ఎత్తులో ఉన్నవాడు, వేగం ఉన్నవాడు ముందు తగ్గాలి. దీన్ని ఇవాళ్టి రోడ్డు మీదికి తెస్తే అర్థమేమిటి? లారీ కారుకి తగ్గాలి, కారు బైకుకి తగ్గాలి, బైకు నడిచే ముసలమ్మకి తగ్గాలి. మన రోడ్ల మీద జరిగేది దీనికి తలకిందులు. 'అస్సలాము అలైకుం' అంటే నా వల్ల నీకు శాంతి కలగాలనే కదా. నోటితో ఆ మాట అని, ముందు చక్రంతో మనిషిని తరమడం ఏ రకం సలాం?

నడక గురించి ఖురాన్ ఒకచోట కాదు, మూడు చోట్ల హెచ్చరించింది. బనీ ఇస్రాయీల్ సూరాలో, ఫుర్ఖాన్ సూరాలో, లుఖ్మాన్ సూరాలో. లుఖ్మాన్ తన కొడుక్కి చెప్పిన మాటల్లో నడకని మధ్యస్థంగా ఉంచుకోమనీ, గొంతు తగ్గించుకోమనీ, గొంతుల్లోకెల్లా వికారమైనది గాడిద గొంతనీ ఉంది. సైలెన్సర్ విప్పేసి గల్లీలో బండి మోత మోగించే పిల్లాడికీ, సిగ్నల్ పడకముందే హారన్ మీద చెయ్యి తీయని పెద్దమనిషికీ ఇంతకన్నా సూటిగా ఇంకెవరు చెప్పాలి?

తొందర గురించీ చెప్పారు. ప్రవక్త (స) చేసిన ఆఖరి హజ్‌లో అరఫాత్ నుంచి జనం తిరిగి బయలుదేరారు. వేలమంది మనుషులు, ఒంటెలు. ఆ కాలపు అరేబియాలో అంతకన్నా పెద్ద ట్రాఫిక్ ఉండి ఉండదు. వెనక అరుపులు, ఒంటెల్ని కొడుతున్న చప్పుడు వినపడితే ఆయన కొరడాతో సైగ చేసి నిదానించమన్నారు, పరుగెత్తించడంలో పుణ్యం లేదన్నారు. ఆయన మామూలు నడకతో సాగారని, ముందు ఖాళీ దొరికినప్పుడే వేగం పెంచారని వెంట ఉన్న ఉసామా చెప్పాడు. రంజాన్ సాయంత్రం ఇఫ్తార్‌కి అరగంట ముందు మన రోడ్లని చూసినవాళ్ళకి ఈ హదీసు అవసరమేమిటో వేరే చెప్పనక్కర్లేదు. రోజంతా ఆకలినీ దాహాన్నీ ఓర్చుకున్న మనిషి అరవై సెకన్ల ఎర్రదీపాన్ని ఓర్చుకోలేకపోతున్నాడు. జేబులో ఒక ఖర్జూరం ఉంటే దారి పక్కన బండి ఆపి రోజా విడవచ్చు. ఇఫ్తార్‌కి త్వరపడమన్నారు గానీ, దానికోసం ఎవరి కాలో విరగ్గొట్టమనలేదు.

దారికి అడ్డం పడటం గురించి ఇంకా కటువుగా ఉంది. ఒక దండయాత్రలో జనం ఇష్టమొచ్చినట్టు గుడారాలు వేసుకుని దారి మూసేస్తే, దారి మూసినవాడికి జిహాద్ లేదని ప్రవక్త (స) చాటింపు వేయించినట్టు అబూ దావూద్‌లో ఉంది. యుద్ధానికి వచ్చినవాడి పుణ్యమే దారి మూస్తే పోయింది. మరి జుమాకి వచ్చి మసీదు ముందు బండిని అడ్డంగా పెట్టి లోపలికి పరిగెత్తేవాడి సంగతేమిటి? వెనక అంబులెన్సు ఆగిపోయి ఉంటే? రాత్రి మజిలీ చేసేటప్పుడు దారి వదిలి దిగమని కూడా హదీసు ఉంది. హైవే మీద వెనక దీపం లేకుండా లారీ ఆపి పడుకునే మన డ్రైవరు అన్నలకి ఇది పనికొచ్చే హదీసు కాదా? చీకట్లో ఆగి ఉన్న లారీకి గుద్దుకుని కుటుంబాలకి కుటుంబాలు పోయిన వార్తలు మేం ఎన్నిసార్లు రాశామో లెక్కలేదు.

దారి వెడల్పు మీద తగువొస్తే ఏడు మూరలు వదలమన్నారు. మన బజార్లలో దుకాణం మెట్టు ముందుకొస్తుంది, మెట్టు ముందు స్టాండు వస్తుంది, స్టాండు ముందు యజమాని బండి వస్తుంది. నడిచేవాడికి ఏడు మూరలు కాదు, ఏడు జానలు మిగలవు. పెళ్ళయితే అర్ధరాత్రి రెండింటికి బరాత్. మర్ఫా మోత మధ్య రోడ్డు మొత్తం ఆక్రమించి ఆడతారు. అటు ఆస్పత్రికి పోయే గర్భిణి ఉందో లేదో ఎవరికీ పట్టదు. నెంబరు ప్లేటు మీద 786 కోసం ఎక్కువ డబ్బు పోస్తాం. ఆ బండి మీదే రాంగ్ రూటులో వస్తాం. బిస్మిల్లా అంకెని వెనక తగిలించుకుని ఎదుటివాడి ప్రాణం మీదికి పోవడం కన్నా ఆ అంకెకి అవమానం ఇంకేముంది?

ఇక షబే బరాత్. మేలుకుని క్షమాపణ వేడుకునే రాత్రి అని పెద్దలు చెప్పిన రాత్రి. ఆ రాత్రే నగరంలో ఫ్లైఓవర్లు మూసేయాల్సి వస్తోంది, మన పిల్లలు వాటి మీద ముందు చక్రం గాల్లోకి లేపి పందేలు కాస్తారని. సంవత్సరమంతా చేసిన పాపాలు మాఫీ అయ్యే రాత్రి తల్లులు ఆస్పత్రుల ముందు కూర్చుంటున్నారు.

'ఏం చేస్తాం, అల్లా మర్జీ' అంటారు. ఈ మాట మీద మాకు అన్నిటికన్నా ఎక్కువ కోపం. ఒంటెని కట్టి అల్లా మీద భారం వేయనా, వదిలేసి వేయనా అని ఒకతను అడిగితే, ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అన్నారు ప్రవక్త (స). హెల్మెట్ పట్టీ బిగించడం ఒంటెని కట్టడమే. మీ చేతులతో మిమ్మల్ని నాశనంలో పడేసుకోవద్దని బఖరా సూరా చెబుతుంది. నిసా సూరాలో ఇంకా గట్టి మాట ఉంది. పొరపాటున మనిషిని చంపినవాడు కూడా బానిసని విడిపించాలి, చచ్చినవాడి కుటుంబానికి దియత్ కట్టాలి. చచ్చినవాడు మీతో ఒప్పందమున్న వేరే జనంవాడైనా సరే ఇదే. విడిపించే స్తోమత లేకపోతే రెండు నెలలు వరసగా రోజాలుండాలి. చూడండి, పొరపాటుకే ఇంత శిక్ష! అది తలరాత అని వదిలేయలేదు. కావాలని సిగ్నల్ దూకినవాడిది పొరపాటు కూడా కాదు. గుద్ది పారిపోయి ఇంట్లో నమాజు చదువుకునే మనిషి, ఆ కఫ్ఫారా నా మెడ మీద ఉందా అని ఏ ముఫ్తీనైనా అడిగాడా?

ఒక ప్రశ్న మా చబూత్రాల మీద తరచు వినపడుతుంది. 'ఈ చట్టం ఎవరు చేశారు? మన మీద లాఠీ ఎత్తే పోలీసు మాట మనం ఎందుకు వినాలి? దీన్‌కీ ట్రాఫిక్‌కీ ఏం సంబంధం?' కోపంలో న్యాయం ఉంది, వాదంలో లేదు. లైసెన్సు తీసుకున్నప్పుడు మనం సంతకం పెట్టాం. ఒప్పందాలు నిలబెట్టుకోమనే మాటతోనే మాయిదా సూరా మొదలవుతుంది. ఆ ఆజ్ఞ ముస్లింలతో చేసుకున్న ఒప్పందాలకే అని ఎక్కడా లేదు. ఇస్లామిక్ దేశాల సంస్థకి అనుబంధంగా జిద్దాలో ఉన్న అంతర్జాతీయ ఫిఖ్ అకాడమీ 1993 జూన్‌లో బ్రూనైలో సమావేశమైంది. షరీయత్‌కి విరుద్ధం కాని ట్రాఫిక్ నియమాల్ని పాటించడం షరీయత్ ప్రకారమే విధి అని అప్పుడు తీర్మానించింది. ముప్పై ఏళ్ళు దాటింది. మన మసీదుల్లో ఎన్ని ఖుత్బాల్లో ఆ తీర్మానం వినపడింది?

పోలీసుని చూసి ఆగేవాడు పోలీసుకి భయపడుతున్నాడు. ఎవరూ లేని అర్ధరాత్రి ఎర్రదీపం ముందు ఆగేవాడు అల్లాకి భయపడుతున్నాడు. ఎర్రదీపం ఏ పార్టీదీ కాదు. అది మనకీ, అటు నుంచి రోడ్డు దాటుతున్న ముక్కూమొహం తెలియని మనిషికీ మధ్య ఉన్న కాపలా. దాన్ని దూకడం ప్రభుత్వం మీద తిరుగుబాటు కాదు. తిరుగుబాటు చేయాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ నోరు రాదు. హెల్మెట్ తీసేసి మీసం తిప్పడం తిరుగుబాటయితే, తలలు పగిలేది మనవే.

పిల్లల చేతికి తాళాలిచ్చే తండ్రులకి ఒక మాట. గల్ఫ్‌లో పదేళ్ళు చెమటోడ్చి, దగ్గరుండి పెంచలేకపోయిన బాధకి బదులుగా కొడుక్కి బండి కొనిపెట్టే తండ్రుల్ని మేం ఎరుగుదుం. ఆ ప్రేమని తప్పు పట్టం. కానీ 1988 నాటి మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, పాతికవేల రూపాయల జరిమానా. జైలు మాట అటుంచండి. సౌదీ నుంచి సెలవు దొరక్క, కొడుకు జనాజాని వీడియో కాల్లో చూసే రోజు ఏ తండ్రికీ రాకూడదు.

ఇప్పుడు అటువైపు తిరుగుతాం. మా మాటలు ఇంతదాకా చదివి 'చూశారా, వాళ్ళే ఒప్పుకున్నారు' అని సంబరపడే పాఠకుడితో మాట్లాడాలి.

2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 50,029 మంది హెల్మెట్ లేకుండా పోయినవాళ్ళు. వీళ్ళందరూ పాతబస్తీ వాళ్ళేనా? వీళ్ళందరూ షబే బరాత్ రాత్రి పోయినవాళ్ళేనా? డిసెంబరు 31 రాత్రి కూడా హైదరాబాదులో ఫ్లైఓవర్లు మూస్తారు. అప్పుడది కుర్రకారు హుషారు. షబే బరాత్ రాత్రి మూస్తే అది ఒక మతం అరాచకం. తాగి నడిపినవాడి కులమేదో, మతమేదో మర్నాటి శీర్షికలో ఉండదు. మా పిల్లవాడిదైతే పేరు చాలు, బస్తీ చాలు. ట్రిపుల్ రైడింగ్ ఈ దేశపు ఉమ్మడి జబ్బు. మాకొస్తే దానికి మతం పేరెందుకు పెడతారు?

మా గల్లీల్లో అర్ధరాత్రి అరుగుల మీద కూర్చున్న పిల్లల్ని పట్టుకుపోవడానికి పోలీసులు ఆపరేషన్ చబూత్రా అని పేరు పెట్టారు. తల్లిదండ్రుల్ని పిలిపించి కౌన్సెలింగ్ ఇస్తారు. కొన్ని కుటుంబాలకి మేలే జరిగి ఉండొచ్చు. కానీ సంపన్నుల కాలనీల్లో అర్ధరాత్రి ఖరీదైన కార్లలో తిరిగే పిల్లల కోసం ఇలాంటి పేరున్న ఆపరేషన్ ఒక్కటైనా మేం వినలేదు. ప్రవక్త (స) చబూత్రా మీది వాళ్ళకి హక్కుల జాబితా ఇచ్చారు. ప్రభుత్వం వ్యాన్ పంపించింది. కూర్చోవడానికి వేరే చోటు లేదని వాళ్ళు చెప్పిన జవాబు మాత్రం పద్నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా అలాగే ఉంది. పార్కేదీ? ఆటస్థలమేదీ? లైబ్రరీ ఏదీ?

2024 మార్చి 8న, జుమా నాడు, ఢిల్లీ ఇందర్‌లోక్‌లో రోడ్డు మీద సజ్దాలో ఉన్నవాళ్ళని ఓ పోలీసు అధికారి కాలితో తన్నాడు. దేశమంతా ఆ వీడియో చూసింది. అతన్ని సస్పెండ్ చేశారు. దారిలో నమాజు చదవడం మాకూ సమ్మతం కాదు. నడిచేవాడి దారి మూసి చదివే నమాజుని మా ఫిఖ్ కూడా మెచ్చుకోదు. వేళలు విడగొట్టి రెండు జమాత్‌లు పెట్టుకోవాలి. కానీ దారి మూసినందుకు తన్నే కాలు ఈ దేశంలో ఎవరెవరి మీదికి లేస్తోంది? రోడ్లకి అడ్డంగా పందిళ్ళు వేసే ఉత్సవాలు, నగరాన్ని పూటల తరబడి నిలిపేసే ఊరేగింపులు, నాయకుడి కాన్వాయ్ కోసం ఆగే అంబులెన్సులు, వీటి మీదికి ఆ కాలు లేవదు. ఎవరి మీదికీ లేవకూడదు. నియమం అందరికీ ఒకటే అయినప్పుడు దాన్ని చట్టం అంటారు. ఒకరికే అయితే దాని పేరు వేరు.

రోడ్డు మేం పాటించాల్సిన నియమం మాత్రమే కాదు, మాకు రావాల్సిన సదుపాయం కూడా. తన ఏలుబడిలో ఇరాక్ దారిలో ఒక కంచరగాడిద కాలు జారినా, దారి ఎందుకు చదును చేయలేదని అల్లా నన్నే అడుగుతాడని ఖలీఫా ఉమర్ భయపడ్డట్టు మావాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటారు. మా బస్తీల్లో రోజూ మనుషుల కాళ్ళే జారుతున్నాయి. 2017 నవంబరులో మొదలైన హైదరాబాదు మెట్రో 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మూసీ దగ్గరున్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా వచ్చి ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా వేయాల్సిన అయిదున్నర కిలోమీటర్లు అప్పుడు వేయలేదు. దారి ఎటు తీసుకుపోవాలన్న విషయంలో మా నాయకులు పెట్టిన పేచీలూ అందుకు ఒక కారణమే, దాచం. పాతబస్తీ లైనుకి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేసింది 2024 మార్చిలో. ఇన్నేళ్ళూ రైలు ఎక్కాల్సిన పిల్లలు బండెక్కారు. ఫుట్‌పాత్ లేని చోట ఆడవాళ్ళు బస్సుల మధ్యలోంచి నడిచారు. చలానా రాసే కెమెరా మా సందు మొదట్లోకి వచ్చినంత త్వరగా వీధిదీపం రాలేదు. దారికి మేం పడ్డ బాకీ కడతాం. మాకు దారి పడ్డ బాకీ ఎవరు కడతారు?

అయితే వాళ్ళు కట్టేదాకా మేం కట్టమని మాత్రం అనం. ఆ బేరం మాకొద్దు. ప్రభుత్వం దీపం పెట్టలేదని మన పిల్లాడి తల పగలనివ్వలేం. హాని చేయకూడదు, హానికి బదులు హాని చేయకూడదు అనేది మా ఫిఖ్‌కి పునాది సూత్రం.

ఇమాంలని మేం అడిగేది కొంచెమే. జుమా ఖుత్బాలో అయిదు నిమిషాలు దారి హక్కు గురించి చెప్పండి, ఉర్దూలోనూ తెలుగులోనూ చెప్పండి. ఊళ్ళలో ఉర్దూ రాని ముస్లింలు లక్షలమంది ఉన్నారు. మసీదు కమిటీలు జుమా రోజు బండ్లు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఇద్దరు కుర్రాళ్ళని నిలబెట్టాలి. పెళ్ళి చదివించే ఖాజీలు బరాత్ రోడ్డు మూస్తే నిఖాకి రామని చెప్పాలి. ఒక్కసారి చెప్పి చూడండి, మర్ఫా ఎంత త్వరగా ఆగుతుందో. పత్రికలవాళ్ళం మేం కూడా ఒక మాట ఇచ్చుకోవాలి. తెలుగులో బస్తీ పేరుతో ముద్ర వేయం. ఉర్దూలో అల్లా పేరుతో దాచం.

ఆ షబే బరాత్ కుర్రాడి వార్త ఇవాళ మళ్ళీ రాయాల్సి వస్తే రెండు భాషల్లోనూ ఒకే వాక్యం రాస్తాం. లైసెన్సు లేని పిల్లాడికి పెద్దలు బండి ఇచ్చారు, హెల్మెట్ ఇవ్వలేదు, మలుపులో దీపం లేదు, వాడు చచ్చిపోయాడు.